గేరుబాక్సు దించే ముందు

పాత ఆటోమేటిక్ కారు ఇబ్బంది పెట్టే తీరులు కొన్నే. ఇంజిన్ స్టార్టవుతుంది, లీవరును డ్రైవ్‌లోకి వేసినా కాసేపటి దాకా బండి కదలదు. లేదా కదులుతుంది కానీ ఎక్సలేటరు తొక్కితే మోత పెరుగుతుందే తప్ప లాగదు. లేదా గేరు మారిన ప్రతిసారీ గట్టిగా జర్కు కొడుతుంది. వీటిలో ఏది కనబడినా షెడ్డులో తరచుగా వినిపించే మాట ఒకటే: ‘గేరుబాక్సు పోయింది, దించి విప్పాలి.’ ఆ మాటతో యజమానికి గుండె జారిపోతుంది. విప్పాక సీళ్లు, ప్లేట్లు విదేశాల నుంచి తెప్పించుకోవాలి. అవి వచ్చేదాకా కారు జాకీల మీద ఉండాలి. విడిభాగాలు గోనె సంచుల్లో చెదిరిపోయి మళ్లీ రోడ్డెక్కని పాత కార్ల కథ చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. ఆ తీర్పు కొన్నిసార్లు నిజమే కావచ్చు. అయితే అది విచారణ చివర రావాల్సిన తీర్పు. మొదటి రోజే వస్తే ఆ కారుకు అన్యాయం జరిగినట్టే.

మన మెకానిక్‌లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ల చేతికి ఆ అలవాటు ఎలా వచ్చిందో చూడాలి. దశాబ్దాల పాటు మన రోడ్ల మీద తిరిగినవి అంబాసిడర్, ఫియట్, ఆ తర్వాత మారుతి 800. అన్నీ చేత్తో గేరు మార్చేవే. విదేశాల నుంచి వచ్చిన కొద్దిపాటి అమెరికన్, జర్మన్ కార్లను పక్కన పెడితే, 1990ల్లో మారుతి జెన్, ఎస్టీమ్‌లలో ఆటోమేటిక్ రకాలు వచ్చేదాకా మామూలు షెడ్డుకు ఇలాంటి గేరుబాక్సును ముట్టుకునే అవసరమే రాలేదు. మాన్యువల్ గేరుబాక్సులో వచ్చే తంటా ఇనుములో ఉంటుంది. పన్ను విరుగుతుంది, బేరింగ్ అరుగుతుంది, సింక్రో రింగు పోతుంది. విప్పి చూస్తే అరిగింది కంటికి కనిపిస్తుంది. ‘విప్పు, చూడు, మార్చు’ అనే పద్ధతి అక్కడ సరైనదే. అదే పద్ధతిని ఆటోమేటిక్‌కు వర్తింపజేసినప్పుడే నష్టం.

తేడా ఎక్కడుందో తెలియాలంటే ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో కొంత తెలుసుకోవాలి. నూనె ద్వారా శక్తిని ఒక చక్రం నుంచి మరో చక్రానికి పంపవచ్చని జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ 1905లోనే పేటెంటు తీసుకున్నారు. ఓడల కోసం పుట్టిన ఆ ఆలోచనను కారులో పెట్టి పెద్ద ఎత్తున అమ్మింది జనరల్ మోటార్స్. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్‌తో వచ్చిన హైడ్రమాటిక్ క్లచ్ పెడల్ అవసరం లేకుండా చేసింది. రోల్స్‌రాయిస్ లాంటి సంస్థ కూడా 1952 నుంచి దాన్నే తన కార్లలో వాడుకుంది. ఆ తరం నుంచి 1980ల దాకా వచ్చిన ఆటోమేటిక్‌లన్నిటిదీ దాదాపు ఒకే సూత్రం. ఇంజిన్ తిప్పే పంపు నూనెకు ఒత్తిడి ఇస్తుంది. వాల్వ్ బాడీ అనే దిమ్మెలోని సన్నని దారుల గుండా ఆ నూనె ప్రవహిస్తుంది. కారు వేగం ఎంతో గవర్నర్ చెబుతుంది, డ్రైవరు ఎంత తొక్కాడో ఒక కేబులో, కడ్డీయో, వాక్యూమ్ పైపో చెబుతుంది. ఆ రెండు కబుర్లను తూచి ఏ క్లచ్‌ను పట్టాలో, ఏ బ్యాండును వదలాలో వాల్వులు నిర్ణయిస్తాయి. శక్తిని మోయడం, ప్లేట్లను నొక్కడం, రాపిడి తగ్గించడం, వేడిని బయటికి తీసుకుపోవడం, నాలుగు పనులూ ఒకే నూనె చేస్తుంది.

అంటే ఇది ముందుగా నూనె యంత్రం, ఆ తర్వాతే పళ్ల చక్రాల పెట్టె. నూనె ఒత్తిడి ఇంజిన్ నడుస్తున్నప్పుడే ఉంటుంది. గేరుబాక్సును దించిన క్షణంలో ఒత్తిడి ఉండదు, నూనె పారబోశాక దాని మట్టం ఎంత ఉండేదో తెలియదు, కేబులు ఊడదీశాక దాని సర్దుబాటు ఎలా ఉండేదో చెప్పలేం. మాన్యువల్‌లో విప్పడం వల్ల సాక్ష్యం దొరుకుతుంది. ఆటోమేటిక్‌లో విప్పడం వల్ల సాక్ష్యం చెరిగిపోతుంది. కాలిన ప్లేటు చేతికి దొరకవచ్చు, అది ఎందుకు కాలిందో మాత్రం దొరకదు. అందుకే ఈ పరీక్ష బయట నుంచి లోపలికి, ఖర్చు లేని దాని నుంచి ఖర్చయ్యే దానికి, వెనక్కి తీసుకోగల పని నుంచి తీసుకోలేని పనికి సాగాలి.

మొదటి మెట్టు డిప్‌స్టిక్. అందరికీ తెలిసినట్టే అనిపించే ఈ పనిలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఇంజిన్ ఆయిల్‌ను ఇంజిన్ ఆపి చూస్తాం. ఎక్కువ ఆటోమేటిక్‌లలో మాత్రం కారును కొంత దూరం నడిపి, నూనె వేడెక్కాక, చదునైన చోట నిలిపి, బ్రేకు మీద కాలుంచి లీవరును అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, ఇంజిన్ నడుస్తుండగానే మట్టం చూడాలి. ఏ స్థానంలో చూడాలన్నది కూడా కారును బట్టి మారుతుంది. క్రైస్లర్ వారి పాత టార్క్‌ఫ్లైట్‌ను న్యూట్రల్‌లోనే చూడాలి, ఎందుకంటే పార్క్‌లో ఉన్నప్పుడు, ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేరుబాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌కు నూనె సరిగా అందదు. హోండా వారి గేరుబాక్సులను ఇంజిన్ ఆపిన వెంటనే చూడాలి. నూనె తగ్గితే పంపు గాలిని పీలుస్తుంది, బండి స్లిప్ అవుతుంది. నూనె ఎక్కువైనా అంతే ప్రమాదం. తిరిగే చక్రాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి, నురగలో ఉన్నది సగం గాలే కాబట్టి ఒత్తిడి నిలవదు. చల్లని కారులో మట్టం తక్కువ కనిపించిందని పైదాకా పోసేసి, తర్వాత స్లిప్ అవుతోందని గేరుబాక్సు దించితే ఆ తప్పు గేరుబాక్సుది కాదు.

రెండో మెట్టు అదే నూనె రంగు, వాసన. ఆరోగ్యంగా ఉన్న నూనె ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. ముదురు గోధుమ రంగుకు తిరిగి, మాడిన వాసన వేస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయని అర్థం. మన వరంగల్‌లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి రోజున ట్రాఫిక్‌లో నత్తనడక నడిచే కారులో టార్క్ కన్వర్టర్ శక్తిలో చాలా భాగాన్ని వేడిగానే మారుస్తుంది కనుక నూనె త్వరగా పాడవుతుంది. నూనె స్ట్రాబెర్రీ పాల రంగులో చిక్కగా ఉంటే అందులో నీళ్లు కలిశాయి. ఇది రెండు దారుల్లో జరుగుతుంది. గేరుబాక్సు నూనెను చల్లబరిచే గొట్టం చాలా కార్లలో రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది, అది తూటు పడితే కూలెంట్ ఇటు వస్తుంది. రెండోది వరద. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్, హనుమకొండల్లో లోతట్టు కాలనీలు నీట మునిగాయి. అలా మునిగిన కారును స్టార్ట్ చేయకముందే గేరుబాక్సు డిప్‌స్టిక్ తీసి చూడాలి. నీరు క్లచ్ ప్లేట్ల మీది పొరను పట్టి ఉంచే జిగురును వదులు చేస్తుంది. నీళ్లు కలిసిన నూనెతో కొంతకాలం నడిచిన కారుకు గేరుబాక్సు విప్పడం తప్పదు, అక్కడ వెనకాడటం కూడా తప్పే.

మూడో మెట్టు బయటి నుంచి గేరుబాక్సుకు కబురు మోసే తీగలు, గొట్టాలు. దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ వాక్యూమ్ మాడ్యులేటర్. 1964లో వచ్చిన జనరల్ మోటార్స్ టర్బో హైడ్రమాటిక్ 400, అదే ఏడాది వచ్చిన ఫోర్డ్ సీ4, పాత మెర్సిడెస్ గేరుబాక్సులు ఇంజిన్ ఎంత భారం మోస్తోందో ఈ చిన్న డబ్బా ద్వారానే తెలుసుకుంటాయి. దాని లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. ఆ పొర చిరిగితే రెండు లక్షణాలు ఒకేసారి కనిపిస్తాయి: గేర్లు ఆలస్యంగా, గట్టి జర్కుతో మారతాయి, సైలెన్సర్ నుంచి తెల్లని పొగ వస్తుంది. పొగ చూసినవారు ఇంజిన్ పోయిందంటారు, జర్కు చూసినవారు గేరుబాక్సు పోయిందంటారు. నిజానికి చిరిగిన పొర గుండా ఇంజిన్ గేరుబాక్సు నూనెను పీల్చి కాల్చేస్తోంది. మాడ్యులేటర్‌కు వెళ్లే గొట్టం లాగి లోపల నూనె తడి ఉందేమో చూస్తే విషయం తేలిపోతుంది. ఆ పొర బాగున్నా గొట్టానికి పగులు ఉంటే జర్కు మాత్రం వస్తుంది. 1976 నుంచి 1985 దాకా అన్ని రకాలూ కలిపి సుమారు 27 లక్షలు తయారైన మెర్సిడెస్ డబ్ల్యూ123 శ్రేణిలోని డీజిల్ కార్లలో తలుపుల లాకులు కూడా వాక్యూమ్‌తోనే పనిచేస్తాయి. అక్కడ లీకుంటే దాని ప్రభావం గేరు మారే తీరు మీద పడగలదు. తలుపులో ఉన్న లోపానికి గేరుబాక్సును కోయడం ఎంత అన్యాయం!

వాక్యూమ్ లేని కార్లలో అదే పని ఎక్సలేటరుకు కలిసిన కడ్డీ గానీ కేబులు గానీ చేస్తుంది. కార్బ్యురేటర్ మార్చినప్పుడో, ఇంజిన్ పని చేయించినప్పుడో దీన్ని ఊడదీసి, అంచనాగా బిగించేస్తారు. అది వదులుగా ఉంటే డ్రైవరు నెమ్మదిగా తొక్కుతున్నాడని గేరుబాక్సు భ్రమపడుతుంది. గేర్లు తొందరగా, మెత్తగా మారతాయి. నడపడానికి హాయిగానే ఉంటుంది, అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు. కానీ ఒత్తిడి చాలక ప్లేట్లు జారుతూ కాలిపోతుంటాయి. జర్కు కొట్టే గేరుబాక్సు కన్నా అతి మెత్తగా మారే గేరుబాక్సే కొన్నిసార్లు ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది. ఇంకా బయటే ఉన్నవి మరికొన్ని. ఇంజిన్ ఐడ్లింగ్ వేగం ఎక్కువగా ఉంటే డ్రైవ్‌లోకి వేయగానే దడేల్‌మంటుంది. మౌంటింగ్ రబ్బర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు అరిగినా అదే శబ్దం. ఇంజిన్‌లో ఒక ప్లగ్గు సరిగా కాలకపోతే వచ్చే వణుకును గేరుబాక్సుకు అంటగట్టడం కూడా ఉంది. లీవరు పార్క్‌లో ఉండగా స్టార్టర్ తిరగకపోతే, గేరుబాక్సు పక్కనుండే చిన్న స్విచ్చిని చూస్తే చాలు.

ఇవన్నీ సరిగా ఉన్నా తంటా తీరకపోతే అప్పుడు లోపలి సంగతి. అప్పుడు కూడా విప్పకుండా తెలుసుకోగలిగింది చాలా ఉంది. ఒక్కో గేరులో ఒక్కో క్లచ్, ఒక్కో బ్యాండు పనిచేస్తాయి. ఏయే గేర్లలో స్లిప్ అవుతోందో రాసుకుంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగం బయటపడుతుంది. టార్క్‌ఫ్లైట్‌లో వెనక క్లచ్ ముందుకు వెళ్లే గేర్లన్నిటిలో పనిచేస్తుంది, ముందు క్లచ్ మూడో గేరులోనూ రివర్స్‌లోనూ పనిచేస్తుంది. మొదటి రెండు గేర్లు బాగుండి మూడో గేరు, రివర్స్ స్లిప్ అయితే వేలు ముందు క్లచ్ వైపే చూపాలి. చల్లగా ఉన్నప్పుడు ఆలస్యంగా గేరు పట్టి వేడెక్కాక సర్దుకుంటే సీళ్లు గట్టిపడ్డాయని అనుమానించాలి. కొన్ని కిలోమీటర్లు బాగా నడిచి ఆగిపోయి, కాసేపు నిలిపితే మళ్లీ నడిస్తే ముందుగా ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. ఆఖరి సాక్షి ప్రెషర్ గేజి. ఈ గేరుబాక్సుల మీద గేజి బిగించడానికి తయారీదారే రంధ్రం వదిలి బోల్టు పెట్టి ఉంచాడు. రివర్స్‌లో 200 పీఎస్ఐ దాటేవి ఉంటాయి కనుక 300 దాకా చూపే గేజి కావాలి. అలాంటివి మన ఊళ్లో ఎక్కడ దొరుకుతాయని అడగవచ్చు. ట్రాక్టర్లకు, జేసీబీలకు హైడ్రాలిక్ పనులు చేసేవారి దగ్గర గేజీలూ గొట్టాలూ ఉంటాయి. ఒత్తిడి లెక్కలో ఆలోచించే అలవాటు వాళ్లకు ఎప్పుడో ఉంది. పాత కారుకు కావలసిన ఒక విద్య కార్ల షెడ్డులో లేకపోయినా పక్క వీధిలో ఉండవచ్చు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. యాభై ఏళ్ల కారులో రబ్బరు ఎలాగూ గట్టిపడి ఉంటుంది, ఇవాళ కాకపోతే రేపైనా విప్పాల్సిందే, ఈ పరీక్షలతో కాలం ఎందుకు వృథా చేయడం అంటారు. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న కారు విషయంలో ఈ మాటలో చాలా నిజం ఉంది. అలాంటప్పుడు కూడా పరీక్షలు ముందే జరగాలంటాను. ప్లేట్లు కాలడానికి కారణం వదులైన కేబులో, పగిలిన వాక్యూమ్ గొట్టమో అయితే, కొత్త ప్లేట్లు వేసి బిగించినా ఆ కారణం బయటే కూర్చుని ఉంటుంది. కొత్తవి కూడా కాలతాయి. విప్పడానికి ముందు రాసుకున్న ఒత్తిడి అంకెలుంటే బిగించాక బాగుపడిందో లేదో పోల్చి చూడవచ్చు. విప్పాల్సి వచ్చినా ఈ పరీక్షల శ్రమ వృథా కాదు.

రెండో అభ్యంతరం నూనె గురించి. పాత గేరుబాక్సులో నూనె మారిస్తే అది చచ్చిపోతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు, నూనె మార్చాక చెడిపోయిన కార్లను ఉదాహరణగా చూపుతారు. ఆ కార్లలో ఎక్కువగా నూనె మార్చిందే అప్పటికే స్లిప్ అవుతున్నందువల్ల. కాలిపోయిన ప్లేటును కొత్త నూనె బాగు చేయలేదు, చెడిపోవడం అప్పటికే మొదలైంది. స్లిప్ లేకుండా నడుస్తున్న గేరుబాక్సుకు అడుగున ఉన్న పాన్ విప్పి, ఫిల్టరు మార్చి, సరైన నూనె పోయడం మేలే చేస్తుంది. పాన్‌లో సన్నని బూడిద రంగు పొడి ఉంటే అది మామూలు అరుగుదల, ఇనుప రజను గానీ ఇత్తడి ముక్కలు గానీ ఉంటే ప్రమాద సూచన. సరైన నూనె అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. జనరల్ మోటార్స్ 1949లో టైప్ ఎ అనే ప్రమాణం తెచ్చింది, 1960ల చివర్లో డెక్స్‌రాన్ వచ్చింది. పాత ఫోర్డులకు టైప్ ఎఫ్ అనే వేరే నూనె కావాలి, దాని పట్టు స్వభావమే వేరు. ఎర్రగా ఉన్న నూనెలన్నీ ఒకటి కావు.

మూడో అభ్యంతరం సూటిగా ఉంటుంది: ఈ తలనొప్పి అంతా ఎందుకు, దొరికే మాన్యువల్ గేరుబాక్సు ఒకటి వేసేస్తే పోదా? డబ్బు లెక్కలో అది చవకే కావచ్చు. కానీ పెడల్ అమర్చడానికి, బాడీ కింద భాగం మార్చడానికి కోత తప్పదు, ఆ కోతను మళ్లీ పూడ్చలేం. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన కారుకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పొడిగింపుకు 5,000 రూపాయలు. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసిన కారుకు ఆ గుర్తింపు దక్కదు. కొన్ని క్లబ్బుల లెక్కలో వింటేజ్ అంటే 1930 దాకా తయారైనవి, వాటిలో ఇలాంటి ఆటోమేటిక్‌లు లేనే లేవు. మన చట్టం మాత్రం యాభై ఏళ్లనే కొలతగా పెట్టుకోవడంతో 1960ల ఆటోమేటిక్‌లు, 1970ల తొలి సగంలోవీ ఇప్పుడు వారసత్వ సంపదగా నిలిచాయి. వాటిని కోసి మార్చడమంటే ఆ విలువను మన చేతులతో మనమే తీసేయడం.

ఆ చట్టమే మరో ముఖ్యమైన సంగతిని మనకు గుర్తు చేస్తుంది. వింటేజ్‌గా నమోదైన కారును రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, ఇంధనం నింపుకోవడం లాంటి పనులకు మాత్రమే బయటికి తీయాలి. అంటే అది ఎక్కువ రోజులు షెడ్డులోనే నిలిచి ఉంటుంది. అలా నిలిచినప్పుడు టార్క్ కన్వర్టర్‌లోని నూనె మెల్లగా పాన్‌లోకి దిగుతుంది. అక్కడ మట్టం పెరిగి సీళ్ల దగ్గర కారుతుంది, వారాల తర్వాత స్టార్ట్ చేయగానే గేరు పట్టదు. దీన్ని చూసి కంగారు పడనక్కరలేదు. న్యూట్రల్‌లో ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్ నడిస్తే కన్వర్టర్ నిండుతుంది. నెలకు ఒకటి రెండుసార్లు కారును నూనె వేడెక్కేదాకా నడిపిస్తే సీళ్లు తడిగా, మెత్తగా ఉంటాయి. ఇక మరమ్మతు కోసం వరంగల్ నుంచి హైదరాబాదుకు తీసుకెళ్లక తప్పనప్పుడు దాదాపు 145 కిలోమీటర్ల ఆ దారిలో కారును తాడు కట్టి లాక్కెళ్లకూడదు. ఇంజిన్ ఆగితే పంపు తిరగదు, పంపు తిరగకపోతే లోపలి భాగాలకు నూనె అందదు. అప్పటిదాకా బాగున్న భాగాలు ఆ ప్రయాణంలోనే కాలిపోవచ్చు. లారీ మీద ఎక్కించడమే దారి.

కాబట్టి పాత ఆటోమేటిక్ కారున్న వారికి చెప్పేది ఇదే. ‘గేరుబాక్సు పోయింది’ అన్న మాట విన్నప్పుడు కోపం వద్దు, తొందరా వద్దు. నూనె మట్టం ఏ పద్ధతిలో చూశారు, రంగు ఎలా ఉంది, వాక్యూమ్ గొట్టం లాగి చూశారా, కేబులు సర్దుబాటు పుస్తకం ప్రకారం ఉందా, ఏయే గేర్లలో స్లిప్ అవుతోంది, గేజి ఎంత చూపింది అని అడగండి. జవాబులను ఒక నోటుబుక్కులో తేదీతో రాసి కారుతోనే ఉంచండి. తయారీదారు ఇచ్చిన మరమ్మతు పుస్తకం ప్రతిని సంపాదించి మెకానిక్ చేతికివ్వండి. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై నేడు ఎన్ఐటీగా ఎదిగిన విద్యాసంస్థ మన ఊళ్లోనే ఉంది, ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఒక పాత ఆటోమేటిక్ గేరుబాక్సును బల్ల మీద పెట్టి, గేజి బిగించి, ఒత్తిడి ఎలా నడుస్తుందో మెకానిక్‌లకూ విద్యార్థులకూ కలిపి చూపించే పని అవి తలపెడితే ఈ విద్య మన జిల్లాలో వేళ్లూనుకుంటుంది. అది జరిగేదాకా యజమానులు, మేస్త్రీలు కలిసి ఒక్క నియమం పాటించండి: పరీక్షలన్నీ ముగిసి, అంకెలు కాగితం మీదికి ఎక్కేదాకా గేరుబాక్సును దించడానికి బోల్టు ఒక్కటి కూడా విప్పకండి.